పక్కింటి ఫ్రిజ్‌లో పీపా

పెళ్ళి విందు ఇంకా వారం ఉందనగా ఫ్రిజ్ చచ్చింది.

ఆస్ట్రేలియాలో జనవరి అంటే నడివేసవి. ఆ ఎండకి ఎచూకా ఊళ్ళో రేకుల షెడ్లన్నీ పెనాల్లా కాలుతున్నాయి. కొత్త దంపతులు డెక్లన్, టెగన్ కలిసి కాచిన బీరు అలాంటి షెడ్డులోనే ఉంది. స్టీలు పీపా నిండా.

"చల్లగా లేకపోతే బీరుకి గ్యాస్ పట్టదు," అన్నాడు డెక్లన్. "కొట్లో కొనుక్కొద్దామా?"

"మన విందులో కొట్టు బీరా? నాకు ఏడుపొస్తుంది."

గోడవతల మెర్వ్ మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. పక్కింట్లో కొత్తగా దిగిన ముసలాయన. ఎవరితోనూ కలవడు.

"మీ ఫ్రిజ్‌లో చోటుందా మెర్వ్ గారూ? పీపా పెట్టుకోవాలి," టెగన్ అడిగేసింది.

"బీరా?"

"మా మొదటి కాపు. విందు దాకా చాలు."

ఆయన పైపు చివర కారే నీళ్ళకేసి కాసేపు చూశాడు.

"సరే. తెచ్చుకోండి."

ఆయనది ఒంటిగది ఇల్లు. మంచం పక్కనే ఫ్రిజ్. అరలు తీసేసి పీపా నిలబెట్టారు. బీరులోకి గ్యాస్ ఎక్కించే చిన్న సిలిండర్ తగిలించారు. టెగన్ పీపాకి చెవి ఆనించింది.

"గుటకలేస్తోంది."

"మన పోలికే," అన్నాడు డెక్లన్.

ఇద్దరూ పడీపడీ నవ్వుతుంటే మెర్వ్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

విందు రోజు, శనివారం పొద్దున, పీపా కోసం వెళ్ళారు. సిలిండర్ గేజ్‌లో ముల్లు సున్నా మీద ఉంది.

"గ్యాసంతా ఖాళీ," అన్నాడు డెక్లన్. "కుళాయి తిప్పినప్పుడల్లా బీరుని బయటికి నెట్టేది గ్యాసే కదా. ఎవరో బాగానే తిప్పారు."

గుమ్మంలో ఉన్న మెర్వ్ మొహం ఎర్రబడింది. "నేను ముట్టుకోలేదు నాయనా."

"అడిగితే పోయమా? పెళ్ళి బీరే దొరికిందా దొంగతనానికి?"

మెర్వ్ పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

డెక్లన్ పీపా ఎత్తబోయాడు. నడుం కలుక్కుమంది. పెట్టిన రోజు ఎంత బరువో అంతే ఉంది.

టెగన్ సిలిండర్ మెడ దగ్గర నట్టు పట్టుకుంది. వేలితోనే తిరిగింది.

"గ్యాస్ కారిపోయింది ఇక్కణ్ణించే. పానాతో బిగించలేదు కదూ?"

"చేత్తో చాలనుకున్నా."

"ముందు బరువు చూడాలి. తర్వాత నోరు తెరవాలి."

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

స్నేహితుడి సిలిండర్ తెచ్చి తగిలించారు. సాయంత్రం తొలి గ్లాసు పోస్తే నురగ పొంగి టెగన్ వేళ్ళ మీదికి జారింది. వేళ్ళు నాకి కళ్ళు మూసుకుంది.

"అబ్బ, ఎంత బాగుందో. మొదటి కూజా ఆయనకే. క్షమించమని అడిగి, విందుకి వెంటబెట్టుకురా."

డెక్లన్ కూజా నింపుకుని బయల్దేరాడు. మెర్వ్ గేటు దగ్గర ఎదురింటి నోలీన్ అడ్డం వచ్చింది.

"ఎక్కడికబ్బాయ్, కూజాతో?"

"మెర్వ్ గారికి, ఆంటీ. పొద్దున నోరు జారాను."

"లేపకు. ఇవాళే తన ఇంట్లో కంటినిండా నిద్రపోతున్నాడు." ఆమె కూజా తన చేతుల్లోకి తీసుకుంది. "కొత్త జంట అడిగారని కాదనలేకపోయాడట. మీ పీపా ఆ గదిలో ఉన్నన్ని రాత్రులూ మా వరండాలోనే పడుకున్నాడు. తాగుడు మానేసి ఇంకా ఏడాదైనా నిండలేదు పాపం."