జాహెదా పలక

“ఒక్కటి కూడా సరిగా లేదమ్మా” అన్నారు హెడ్మాస్టరు గోపాలకృష్ణయ్య.

పలక నిండా అక్షరాలున్నాయి. అన్నీ అటుది ఇటు తిరిగి ఉన్నాయి. కుడికి వాలాల్సిన తలకట్టు ఎడమకు వాలింది.

పలక రాసిన జాహెదాకు ఐదేళ్లు. తల్లి అబిదా చెయ్యి పట్టుకుని నిలబడింది. తండ్రి సుభానీ గుమ్మంలోనే ఆగాడు. అతనిది ఒకటే మాట. ఇవాళ బళ్లో చేర్చుకుంటే సరి. లేకపోతే పిల్ల ఇంటిపట్టున ఉండి తమ్ముణ్ణి ఆడించాలి. ఇక చదువు మాట ఎత్తకూడదు.

“రాసింది చదవమనండి సార్. గడగడా చదువుద్ది” అంది అబిదా.

జాహెదా అ నుంచి క్ష దాకా చదివింది. ఎక్కడా తడుముకోలేదు.

“అది బట్టీ. ఏదీ, బోర్డు మీదున్నది చదువు పాపా.”

జాహెదా బోర్డు వైపు తల ఒకపక్కకు వంచి చూసింది. “అమ్మా, ఈ సార్ తిరగేసి రాశాడు” అంది.

హెడ్మాస్టరు కళ్లజోడు తీశారు. “ఎవరు నేర్పారు దీనికి?”

“నేనే సార్. రొట్టెలు చేస్తా జొన్నపిండిలో వేలితో దిద్దించా.”

“నీకెవరు నేర్పారు?”

“పనికాడ ఒక పెద్దాయన. ఒక్కోటీ నా అరచేతిలో పెట్టి దాని పేరు చెప్పాడు. ఏడాది పట్టింది.”

“ఆయనకీ రాదన్నమాట.”

సుభానీ నవ్వాడు. “ఏమే, ఇంక చాల్లే పద. నీకే వంకరటింకరగా వస్తే పిల్లకేం నేర్పుతావు? ఇంటికాడ చంటోడు ఏడుస్తుంటాడు.”

“ఏడిస్తే నువ్వు పోయి ఎత్తుకో. నేను రాను.”

సుభానీ నవ్వు ఆగిపోయింది.

“ఏడాది ఆగి తీసుకురామ్మా. ఈలోపు ఇవన్నీ మరిచిపోనీ” అన్నారు హెడ్మాస్టరు, రిజిస్టరు మూస్తూ.

“ఎందుకు మరవాలి? నేను నేర్పింది తప్పు కాదు సార్. మీ పుస్తకంలోయి మా కాడున్నవాటి నుంచే పుట్టినయ్యి. ఇయ్యి తప్పయితే అయ్యీ తప్పే.”

“ఎంత పొగరమ్మా నీకు.”

“పొగరో ఏందో నాకు తెలవదు. నా బిడ్డకు అక్షరాలొచ్చు. చేర్చుకునేదాకా ఈడే కూర్చుంటా.”

అబిదా నిజంగానే నేల మీద కూర్చుంది. జాహెదా కూడా పక్కన చతికిలబడింది.

అంతసేపూ పలకనే చూస్తున్న చిన్న టీచరు హైమావతి దగ్గరకు వచ్చింది. “పనికాడంటే ఎక్కడమ్మా?”

అబిదా లేచి, కొంగు ముడి విప్పి, అందులో ఉన్నవి బల్ల మీద గుమ్మరించింది.

అచ్చాఫీసు ఊడ్చేటప్పుడు ఆమెకు చెత్తలో దొరికిన ఆ అరిగిపోయిన సీసపు అక్షరాల్లోంచి హైమావతి ఒకటి ఏరి, స్టాంపు ప్యాడు మీద అద్ది, రిజిస్టరు తెరిచి పిల్ల పేరు రాసే గడిలో నొక్కితే, ‘జా’ తిన్నగా పడింది.