నేలలోంచి బదులు

ఒసాకాలో ఆ వీధి కింద గ్యాస్ గొట్టం ఉంది. ముందు చేత్తో తవ్వి అదెక్కడుందో చూశాకే యంత్రం పెట్టాలి. మేస్త్రీ కురోసాకికి అంత ఓపిక లేదు.

"తెల్లారేసరికి రోడ్డు వదలాలి. యంత్రం పట్టు."

"నిరుడు మన కూలీ నగుమో ఇక్కడే, ఇలాగే గొట్టం పేలి పోయాడు కదండీ," అన్నాను.

"వాడో మొద్దు. నువ్వూ అంతేనా?"

తవ్వే ముందు మేస్త్రీ నేలకేసి వేలు చూపించి అడగాలి, కూలీలు గట్టిగా బదులివ్వాలి. అది మా పద్ధతి. కురోసాకి వేలు చూపించి అరిచాడు.

"చేత్తో తవ్వి చూశాం, సరేనా?"

నేను నోరు విప్పలేదు. వీధిలో మేమిద్దరమే ఉన్నాం.

"సరే!" అంది నేలలోంచి నగుమో బొంగురు గొంతు.

కురోసాకి క్షణంసేపు బిగుసుకుపోయాడు. తర్వాత నవ్వాడు.

"విన్నావుగా, చచ్చినవాడే ఒప్పుకున్నాడు. ఇక కానియ్."

తను మాత్రం ఇరవై అడుగులు వెనక్కి జరిగాడు.