గోదావరి దగ్గర ఆగిన బండి

"బానెట్ తెరువు బాపు" అంది మహిమ.

పలకరింపు లేదు, మంచిచెడ్డ లేదు. నలభై రోజుల తర్వాత కన్నతండ్రితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

సీమోను వెళ్లి లివర్ లాగాడు. అతని గోళ్ల సందుల్లో నల్లటి మడ్డి ఉంది. మందమర్రి బొగ్గుబావి వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాడి చేతులకు మడ్డి లేకపోతేనే వింత. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మహిమ వెనక ఆమె భర్త ప్రేమ్‌చంద్ నిలబడ్డాడు. చేతిలో ఫోను కంటే కాస్త లావుగా ఒక స్కానర్. హుజూరాబాద్‌లో తన కారుకు తనే వైద్యం చేసుకుంటాడు. ఆ వైద్యం ఇవాళ మామ కారు మీదికి వచ్చింది.

"దీని వైరు స్టీరింగ్ కింద పెడితే చాలు మామా. బండికి ఏ రోగమొచ్చినా లోపల రాసుకుంటది. గదంత ఇది చదివి చెప్తది."

"అబద్ధం చెప్పదా?" అన్నాడు సీమోను.

"మిషనుకు అబద్ధంతోని ఏం పని మామా?"

మహిమ తల్లి ఎలీసబెతు రెండేళ్లు కిడ్నీల జబ్బుతో తీసుకుంది. వారానికి మూడుసార్లు సూదులు, గొట్టాలు, మిషను. నలభై రోజుల కింద ఒకనాడు ఆయాసం ఎక్కువైంది. కరీంనగర్‌లో పెద్ద దవాఖానతో మాట్లాడింది మహిమే. బెడ్ సిద్ధం చేయించి గేటు దగ్గర కాచుకుని నిలబడిందీ మహిమే. కారు మాత్రం రాలేదు. వచ్చేసరికి పక్క సీట్లో ఎలీసబెతు చల్లబడిపోయి ఉంది.

గోదావరి బ్రిడ్జి దాటాక బండి ఆగిపోయిందని, గంటసేపు కదలలేదని సీమోను చెప్పాడు. అంతకు మించి ఇప్పటిదాకా ఒక్క ముక్క చెప్పలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. ఏడుపు రాలేదు మరి, ఏం చేస్తాడు?

"గంట ఆగిన బండి మళ్ల దానంతట అదే నడిచిందా?" మహిమ నిలదీసింది. "అప్పటిసంది ఒక్కసారన్న ఆగిందా? నేను పదిసార్లు ఫోన్ చేసిన. ఒక్కసారన్న ఎత్తినవా?"

"చెయ్యి ఖాళీ లేకుండె బిడ్డా."

"ముప్పై ఏండ్లు మిషన్లు బాగుచేసినోనివి, నీ బండి నీకు సమజ్ కాలేదా? ఇందుల ఏం రాకుంటె రేపు అవ్వ కూడికకు నేనుండ. మళ్ల ఈ గడప తొక్క."

రేపు ఎలీసబెతు జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుకు చెప్పడం, కుర్చీలు, వంట అన్నీ సీమోనే చూసుకున్నాడు. ఈ పొద్దున మాత్రం ఆదివారమైనా చర్చికి పోలేదు. పాస్టరు మనిషిని పంపి అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు.

ప్రేమ్‌చంద్ వైరు పెట్టాడు. తాళం తిప్పాడు. తెర మీద చిన్న గీత అటూ ఇటూ తిరిగింది.

సీమోను గుండె దడదడలాడాలి. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, ఆమె కూడా పోతే ఇక ఆ ఇంట్లో తనను బాపూ అని పిలిచేవాళ్లు లేరు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా లోపల ఏదీ కదల్లేదు. తెరను అలా చూస్తూ నిలబడ్డాడు.

"ఉన్నది!" అరిచాడు ప్రేమ్‌చంద్. "పీ-0335. క్రాంక్ సెన్సార్. ఇంజన్ తిరుగుతుందా లేదా చూసేది గదే. అది మొరాయించిందంటే నడుస్తున్న బండి నడిరోడ్డు మీద బందయితది. జర చల్లారినంక మళ్ల మంచిగనే నడుస్తది. మామ చెప్పింది నిజమే మహిమా."

మహిమ అరుగు మీద కూలబడింది. నలభై రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది.

"నా నోరు పడిపోను. నిన్ను ఎన్ని మాటలంటి బాపు!"

"ఊకో బిడ్డా" అని ఆమె తల మీద చెయ్యి వేశాడు సీమోను.

"అవ్వ ఆఖరికి ఏమన్న అన్నదా?"

"ఏమన్లే. గోదారి దిక్కు చూసుకుంట పండుకున్నది."

"రేపు కూడిక అయినంక కొత్త సెన్సార్ ఏపిస్త మామా" అన్నాడు ప్రేమ్‌చంద్.

"ఏపియ్యి."

మహిమ కళ్లు తుడుచుకుని సంచీ లోపలికి తెచ్చుకుంది. తల్లి వంటగదిలోకి పోయి బియ్యం కడిగింది. "బాపూ, చాయ తాగుతవా?" అని లోపలి నుంచి పిలిచింది.

సీమోను నల్లా దగ్గర కూర్చుని చేతులు రుద్దుకున్నాడు. మడ్డి ఒక పట్టాన వదల్లేదు.

అల్లుడు మిషను తెస్తున్నాడని రాత్రి ఫోనులో తెలిశాక, ఈ పొద్దున ఆ సెన్సార్ వైరు పీకి, బండి ఆ రోగం రాసుకునేలా నాలుగుసార్లు తాళం తిప్పి, మళ్లీ ఎప్పటిలా పెట్టినప్పుడు అంటిన మడ్డి అది. ఎందుకంటే ఆ రోజు గోదావరి దగ్గర, "మహిమ బాపూ, ఇగ సూదులు వద్దు, జర ఇక్కడ ఆపు, బిడ్డ అడిగితే బండే ఆగిందని చెప్పు" అని ఎలీసబెతు తన చెయ్యి పట్టుకుంటే, చక్కగా నడుస్తున్న ఇంజన్‌ను ఆపింది సీమోనే.