తలుపు అవతల

తలుపు మీద మూడోసారి దెబ్బ పడింది.

టైలరమ్మ కుట్టుమిషను ఆపేసింది. సగం కుట్టిన చొక్కా చెయ్యి సూది కిందే ఉండిపోయింది.

"అత్తయ్యా, దగ్గకండి," అంది గుసగుసగా.

"దగ్గు నా చేతిలో ఉందా? అయినా మనింట్లో మనం దొంగల్లా దాక్కోవడమేంటే?" అంది అత్తగారు మంచం మీద నుంచే.

ఇల్లు తమదో కాదో తేలకే కదా ఈ పాట్లన్నీ!

ఏడాది క్రితం లోను మీద కొన్న ఇల్లు అది. లోను ఇప్పించిన సలహాదారే దాంతో పాటు బీమా కూడా చేయించాడు. "మీ ఆయనకి ఏదన్నా జరిగితే బాకీ అంతా బీమా కంపెనీయే కడుతుంది చెల్లెమ్మా," అన్నాడు. ఫారమంతా తనే నింపాడు. పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా ఆమె, ఆమె భర్త సంతకాలు పెట్టారు. చదవడం రాక కాదు. అన్నయ్యలాంటి మనిషి ఎదురుగా కూర్చుని అక్షరం అక్షరం చదివితే ఏమనుకుంటాడోనని మొహమాటం. మొహమాటం కొంప ముంచుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

ఆరు నెలలు తిరక్కుండానే లారీ నడుపుతూ ఆమె భర్త గుండె ఆగి పోయాడు.

బీమా కంపెనీ చేతులెత్తేసింది. రోజూ బీపీ బిళ్ళ మింగే మనిషికి ఏ జబ్బూ లేదని ఫారంలో రాసి ఉందట! బాకీ కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామంది బ్యాంకు.

"నేను చూసుకుంటాగా," అన్నాడు సలహాదారు. "ఎవరో ఒకరు కాగితాలు పట్టుకుని వస్తారు. తలుపు తీయకు, నోరు విప్పకు. అబద్ధపు ఫారం మీద సంతకం నీది కూడా ఉంది. జైలుకి పోతావు చెల్లెమ్మా."

ఆ రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. గాలికి తలుపు కదిలినా పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

"అమ్మా, లోపల ఉన్నారని తెలుసు. మిషను చప్పుడు విన్నాను," అన్నాడు తలుపు అవతల మనిషి.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ సలహాదారు ఫారంలో మీ ఫోను నంబరుకి బదులు తన నంబరు రాసుకున్నాడు. అందుకే మీకు ఏ కబురూ రాలేదు. సలహాదారుల మీద నిఘా ఉంచే ఆఫీసు ఒకటుందమ్మా. వాళ్ళు అతని లైసెన్సు రద్దు చేశారు. జబ్బు సంగతి దాచింది మీరు కాదు, అతనే అని ఫిర్యాదు ఇస్తే, బీమా కంపెనీ బాకీ కట్టి తీరాలి. ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువు. ఒక్క సంతకం పెట్టండమ్మా."

సంతకం! ఆ మాట వినగానే ఆమె తలుపు గడియ మరోసారి చూసుకుంది.

"చూశారా అత్తయ్యా? అన్నయ్య చెప్పినట్టే జరుగుతోంది."

"వీడి గొంతులో మోసం కనబడ్డం లేదే."

"అన్నయ్య గొంతులో మాత్రం కనబడిందా?"

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

తలుపు కింద నుంచి ఒక కాగితం లోపలికి జారింది. ఆ వెంటనే కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి వచ్చి కర్టెను పక్కకు జరిపింది.

"నాలుగు దాటిందమ్మా..."

"దొంగ! దొంగ!" టైలరమ్మ కెవ్వున అరిచింది.

వీధంతా పరుగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు ఎదురింటి మెకానిక్కు వచ్చాడు. బయట ఏవో కేకలు, ఎవరో గోడకి కొట్టుకున్న చప్పుడు.

"కొట్టండి బాబూ, కానీ ఐదు దాటాక కొట్టండి. ఇప్పుడు నన్ను వదలండి!"

టైలరమ్మ కిటికీలోంచి భయం భయంగా చూసింది. తల నెరిసిన మనిషి, పగిలిన కళ్ళజోడు చేత్తో పట్టుకుని, కుంటుతూ పరుగెడుతున్నాడు. పీడ విరగడైందనుకుంది.

వీధిలో జనం సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు అత్తగారు ఆ కాగితం తీసి వెలుతురులోకి పట్టుకుంది.

"ఒసేయ్, ఇది నీ అన్నయ్య ఫోటోనే! కింద ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. ఇతని దగ్గర బీమా చేయించుకున్నవాళ్ళు వెంటనే రమ్మని రాశారే!"

గోడ గడియారం ఐదూ ఇరవై చూపిస్తోంది.

"అయిపోయింది అత్తయ్యా. చేజేతులా ఇల్లు పోగొట్టాను," అంటూ టైలరమ్మ అక్కడే కూలబడింది.

తెల్లారి టైలరమ్మ ఆ కాగితం పట్టుకుని నిఘా ఆఫీసు మెట్లెక్కింది. కౌంటరులో ఉన్న అమ్మాయి ముందు నీళ్ళు నమిలింది.

"గడువు దాటిందని తెలుసమ్మా. నిన్న... నేను తలుపు తీయలేదు."

ఆ అమ్మాయి జాబితా తిరగేసింది. "లారీ డ్రైవరుగారి భార్యా మీరు? మీ ఫిర్యాదు నిన్న ఐదింటికి రెండు నిమిషాల ముందే నమోదైందండీ. గడువులోగా మీ తరఫున ఎవరు రాయించినా చెల్లుతుంది, సంతకం తర్వాత పెట్టొచ్చు. ఇదిగో, నిదానంగా చదువుకుని సంతకం పెట్టండి. ఇక ఇది తేలేదాకా వేలం జరగదు."

"ఎవరు... ఎవరు రాయించారు?"

"కనుబొమ్మ చిట్లి రక్తం కారుతూ వచ్చారు పాపం. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆవిడ తప్పేం లేదు, భయపడిందంతే అన్నారు."

టైలరమ్మకు ఏడుపు ఆగలేదు. "ఆ ఆఫీసరు గారిని ఒక్కసారి చూపించమ్మా. క్షమించమని అడగాలి."

"పొద్దున్నే ఇంకో ఊరి జాబితా తీసుకుని వెళ్ళిపోయారండీ. అయినా ఆయన ఆఫీసరు కాదు, ఇక్కడ ఉద్యోగి కూడా కాదు," అంది ఆ అమ్మాయి.

"మరి?"

"నాలుగేళ్ళ కిందట ఆయన ఇంటికి మా మనిషి వెళ్ళి ఇలాగే పిలిస్తే, భయపడి తలుపు తీయక ఇల్లు పోగొట్టుకున్నారు."