కొరికిన ముక్క

మొన్నటికి నాకు ఎనభై నిండాయి. జలుబు లేదు, మోకాళ్ల నొప్పి లేదు, మందుబిళ్ల ముట్టుకుని చాలాకాలమైంది. ఈ వీధిలో ఇలాంటి ఆరోగ్యం ఇంకెవరికైనా ఉంటే తీసుకొచ్చి నా ముందు నిలబెట్టండి.

సరే, మా కోడలి గోల వినండి. చేపల తొట్టి ముందు గొంతుక్కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

“ఏవండీ, మేస్త్రి ఇవాళ కూడా కదల్లేదు.”

మేస్త్రి అంటే నా చేప. పాచి తినే రకం. గాజుకి నోరు అతికించుకుని, గోడకి సిమెంటు పూసేవాడిలా పైనుంచి కిందికి పనిచేసుకుంటూ పోతుందని ఆ పేరు పెట్టాను. కోడలు ముచ్చటపడి ఓ రంగుల చేపని తెచ్చి అందులో వదిలింది. అది మేస్త్రి వీపు మీది రెక్కని పీలికలు చేసింది. రంగుల చేపని దుకాణానికి తిప్పి పంపేశారు గానీ, రెక్క మాత్రం మళ్లీ రాలేదు.

“ఆదివారం దాకా చూద్దాం,” అన్నాడు మా వాడు. “కోలుకోకపోతే దీన్ని కూడా దుకాణంవాడికి ఇచ్చేస్తాను. చచ్చేదాకా చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.”

“మామయ్యగారి చేపండీ అది. నా చేతుల్లో పోతే ఆయనకేం సమాధానం చెప్పను?” అంటూ నావైపు చూసింది.

నేనేం మాట్లాడలేదు. నా చోటు తొట్టికి సరిగ్గా ఎదురుగా. ఒకసారి ఇక్కడ కుదురుకున్నాక ఇక కదలనని వాళ్ల నమ్మకం. రోజూ పొద్దున్నే కోడలు వచ్చి నా అద్దం తుడిచి వెళ్తుంది, అంతే.

పిచ్చిపిల్ల, చేసిన పొరపాటేమిటో తనకి తెలియదు. తొట్టి శుభ్రంగా ఉంటే రెక్క త్వరగా వస్తుందని గాజంతా తళతళలాడేలా తోమేసింది. పాచి తినే చేపకి పాచి లేకుండా చేసి, నీటి మీద తేలే మేత చల్లింది. మేస్త్రి అడుగున తిరిగే జీవి. కడుపు మాడుతుంటే కొత్త రెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది?

మర్నాడు పొద్దున్న మెల్లగా పిలిచింది.

“ఏవండీ, ఈ కీరదోస ముక్క మీరు వేశారా?”

“లేదే. నువ్వు కాదూ?”

వేడినీళ్లలో మెత్తబరిచి, ఫోర్కుకి గుచ్చిన ముక్క తొట్టి అడుగున ఉంది. మేస్త్రి దాన్ని కరుచుకుని వదలడం లేదు.

“ఆటలాడకండి.”

“నేనెందుకాడతాను? నాకు గుడ్డు ఉడకబెట్టడమే రాదు.”

ఆ తర్వాత రోజూ అంతే. వేసిన తలుపులు వేసినట్టే ఉంటాయి, తొట్టిలో కొత్త ముక్క ఉంటుంది. రెక్క అంచున పలచగా పొరలాంటిదేదో పుట్టుకొచ్చింది. చేప తేరుకుంటున్నకొద్దీ వీళ్లిద్దరి మొహాలూ పాలిపోసాగాయి.

శనివారం కోడలు ముక్కని పైకి తీసి వెలుతుర్లో పట్టుకుంది. ఓ మూల కొరికి ఉంది.

“చేదేమోనని చూశారు,” అంది.

“ఎవరు?”

ఆమె ఇంకో కీరదోస కోసి, “కొరకండి,” అంది. మా వాడు కొరికాడు. తనూ ఒకటి కొరికింది. మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్లిద్దరి పంటిగాట్లూ నిండుగా ఉన్నాయి. తొట్టిలోంచి తీసినదాని మీద నడిమధ్య ఒక పన్నంత ఖాళీ.

నా ముందు పన్ను ఎప్పుడో ఊడిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చేదు చూడకుండా ఎవరికీ కీరదోస పెట్టననీ తెలుసు.

ఇద్దరూ మెల్లగా నావైపు తిరిగారు. దొరికిపోయాను. ఏం చేస్తాను, పన్ను లేని నవ్వు నవ్వుతూనే ఉన్నాను.

మా వాడు కుర్చీలో కూలబడ్డాడు.

“చేప ఎక్కడికీ వెళ్లదు నాన్నా.”

ఇందులో నిజమెంత అని అడుగుతారు, నా సంగతి తెలిసినవాళ్లు. కీరదోస నిజం, పంటి ఖాళీ నిజం, రెక్క మళ్లీ రావడం నిజం. మొదట్లో కోసిన కోత ఒక్కటే కల్పన. నాకు ఎనభై నిండలేదు.

డెబ్బై తొమ్మిదో ఏటనే నా ఫోటోకి ఫ్రేము కట్టించి ఈ గోడకి తగిలించారు.