ఏడాదికి మూడు వేలలోపు

"సెప్పులతో వంటింట్లోకి వస్తన్నావేటి? బుద్ధున్నాదా?"

ఉష కేకకి గంగులు ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"అటునుంచి కాదు, గుమ్మంలోంచి రా. దేవుడి గదికి అడ్డంగా నడుస్తావేటి?"

ఇంకో రోజైతే గంగులు ఎదురు చెప్పేవాడే. ఇవాళ మాత్రం ఉషతో ఎలాగైనా 'సరే' అనిపించుకోవాలి. శుక్రవారం ముహూర్తం. పంతులుగారికి చెప్పేశారు, చుట్టాలకి కబురు వెళ్లిపోయింది. ఉష ఒక్కతే దిగిరాలేదు.

"బీమా లేకుండా సముద్రం పక్కన ఒక్క రాత్రి కూడా పడుకోను. ఏడాదికి మూడు వేలు దాటితే మనం కట్టలేం. కుదరకపోతే సోంపేటలో అద్దెకుందాం" అని తేల్చి చెప్పేసింది.

ఆమె భయంలో తప్పేమీ లేదు. తితిలీ తుఫానుకి వాళ్ల పాత ఇంటి పైకప్పు పక్క ఊరి జీడితోటలో దొరికింది. అయితే గంగులు సముద్రంలో చేపల వేటకి వెళ్లే మనిషి. సముద్రం హోరు వినపడకపోతే అతనికి నిద్ర పట్టదు. సోంపేట అద్దె ఇంట్లో ఏం వినపడుతుంది, లారీల హారన్లు తప్ప?

బండి చప్పుడైంది. ఉష తమ్ముడు మురళీమోహన్ వచ్చాడు. బీమా ఏజెంటు. నేరుగా హాల్లోకి వచ్చి కాగితాలు తీశాడు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో గంగులు తల్లి లక్ష్మణమ్మ కూర్చుని ఉంది.

"లెక్క వేశాను బావా. ఏడాదికి ఆరు వేలు."

"అయితే సోంపేటే" అంది ఉష.

"ఒసే, ఉండవే! ఒరే మురళీ, ఎలా తగ్గుతాదో సూడరా" అన్నాడు గంగులు.

మురళి కాగితం తిరగేశాడు. "ఇల్లు విలువ పద్దెనిమిది లక్షలని రాశావు. ఇందులో స్థలం ఎంత?"

"ఆరు."

"స్థలానికి బీమా ఎందుకు బావా? గాలికి ఇల్లు పోతాది గానీ నేల ఎగిరిపోతాదేటి? ఇల్లు కట్టడానికి ఎంతవుతాదో దానికే రాయాలి."

గంగులు నెత్తి కొట్టుకున్నాడు. ఊళ్లో ఇల్లెంత అని ఎవరడిగినా స్థలంతో కలిపే చెప్తారు. ఆ అలవాటుతో అదే రాసేశాడు.

"ఇప్పుడెంత?"

"నాలుగు వేలు."

ఉష కాగితంలోకి తొంగి చూసింది. గంగులు మురళి భుజం పట్టుకున్నాడు.

"ఇంకా తగ్గాలిరా!"

"మేడ మీద రేకుల గది రాసున్నాది. గాలికి ముందు లేచేది అదే. అది లేకపోతే మూడున్నర."

"తీసేస్తాను!"

ఉష నోరు తెరిచింది. "నిన్నటిదాకా వలలు పెట్టుకుంటానని ఆ గది కోసం పేణం పెట్టావు!"

"వలలు నా నెత్తి మీద పెట్టుకుంటాను. తర్వాతేటి సెప్పు మురళీ."

"ఈ తూర్పు కిటికీ. సముద్రానికి ఎదురుగా ఇంత పెద్దదైతే ఎలా? సగం చేసి, గట్టి చెక్క రెక్కలు పెట్టిస్తే ఇంకో మూడొందలు తగ్గిస్తారు."

"సగం సేసెయ్! సిటికెలో పని."

"మూడు వేల రెండొందలు" అన్నాడు మురళి.

ఇంకా రెండొందలు. గంగులు చుట్టూ చూశాడు. ఇంకేం తగ్గించాలి? దేవుడి గది ముట్టుకుంటే ఉష ఊరుకోదు. వంటిల్లు ముట్టుకుంటే అసలే ఊరుకోదు.

లక్ష్మణమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఇల్లు పడిపోతాదని ముందే డబ్బు కట్టడమేటి? పైన దేవుడు లేడేటి?"

"ఉన్నాడు అత్తా" అంది ఉష. "మీ అబ్బాయి గంగమ్మకి దండం పెట్టే వేటకెళ్తాడు. అలాగని లంగరు ఒడ్డున వదిలేసి ఎళ్తాడేటి?"

లక్ష్మణమ్మ మురళి మీద పడింది. "ఒరే, కిటికీ రెక్క ఇరిగినా మీ కంపెనీ ముందు సెయ్యి సాపాలేటి?"

"అక్కర్లేదు. చిన్న నష్టం, పదివేల దాకా, మేమే భరిస్తామని మీరు రాసిస్తే..." మురళి ఆగిపోయాడు. గబగబా ఫోన్లో మీటలు నొక్కాడు. "అత్తా! నువ్వు ఏజెంటువైపోవాల్సింది! రెండు వేల తొమ్మిదొందలు!"

"ఎంతా?"

"రెండు వేల తొమ్మిదొందలు బావా!"

ఇద్దరూ ఉష వైపు తిరిగారు. ఉష మురళి చేతిలోని ఫోను లాక్కుని అంకె తానే చూసుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత దేవుడి గది వైపు తిరిగి చేతులు జోడించింది. ఏదైనా అడుగుతోందో, లేక కృతజ్ఞత చెబుతోందో గంగులుకి తెలియలేదు.

"సరే" అంది ఉష. "ఇక్కడే ఉందాం."

గంగులు వేసిన కేకకి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. లక్ష్మణమ్మ కుర్చీలోంచి లేచి, "సిన్నగారా, సెవులు పోతాయి" అని తిడుతూనే నవ్వింది. గంగులు అప్పటికే మేస్త్రీ కూర్మయ్యకి ఫోను కలిపాడు.

"ఒప్పుకున్నాది మావా! సుక్రారం పొద్దున్నే వచ్చెయ్!"

సముద్రం మీంచి గాలి రివ్వున వీచింది.

ఇసుక మీద ముగ్గుతో గీసిన ఇల్లు వంటింటి వైపు కొంచెం చెరిగింది.