గడ్డ మీద చూపులు

"నాకు నీళ్లంటే భయం. ఇంటికి పోదాం పా" అంది శోభ, పడవ అంచు పట్టుకుని.

సంతోషి వింటేగా. తల్లి చెయ్యి పట్టుకుని ఎక్కించి, పక్కన కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్లు సర్దింది. తను మాత్రం రోజూ వేసుకునే చుడీదార్‌లోనే వచ్చింది. చూపులకు ఆ అవతారమేందని అడిగితే చెప్పడానికి జవాబు తయారుగా ఉంది గానీ, ఎవరూ అడగలేదు.

ఎదురు బల్ల మీద రవీందర్, ఆయన కొడుకు జగదీశ్ కూర్చున్నారు. రవీందర్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. శంషాబాద్ నుంచి ఇంత దూరం బండి తోలుకొచ్చినా ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చెదరలేదు.

పడవ నడిపే ముత్తయ్య నలుగురినీ తేరిపార చూసి, పెండ్లిచూపులా అని అడగనే అడిగాడు. సంతోషి తలూపింది. పిల్లకూ పిలగానికీ ఈడూజోడూ మంచిగ కుదిరిందని దీవించి తెడ్డు వేశాడు. జగదీశ్ నవ్వాడు.

కృష్ణా నది నడుమ ఉన్న ఒక గడ్డ మీద చూపులు పెట్టించింది సంతోషే. కిందటి సంబంధం కుదిరినట్టే కుదిరి, చుట్టాల నోళ్లలో పడి చెడిపోయింది. ఇక ఆ మాటే ఎత్తొద్దని శోభ పట్టుబట్టింది. ఇదొక్కటి చూద్దామని బతిమాలి తీసుకొచ్చేసరికి సంతోషికి తలప్రాణం తోకకొచ్చింది. ఇదీ తప్పితే తల్లి మళ్లీ ఒప్పుకోదు. అయినా పిల్లకు ధీమా ఎక్కువ. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో రోజూ వందల మొహాలు చూసేదాన్ని, ఒక్క పూట చాలు మనిషిని పట్టేస్తానంటుంది.

గడ్డ మీద జొన్నచేను, నాలుగు మేకలు, తుమ్మచెట్ల నీడ. అలికిడి లేదు. జగదీశ్ చద్దరు పరిచి టిఫిన్ విప్పాడు. బగారన్నం, కోడికూర. అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో వంట బాపుదేనన్నాడు. శోభ ఒక ముద్ద తిని, కూరలో ఉప్పు తక్కువైందంది. సంతోషి గతుక్కుమంది. అన్నీ బాగున్నాయనుకుంటే ఈ అమ్మ నోరొకటి. రవీందర్ మాత్రం ఏమీ అనుకోకుండా, నిజమే తక్కువైందని ఒప్పుకుని, మీరు తెచ్చిన మామిడి తొక్కు ఇటివ్వండని అడిగాడు.

తిన్నాక సంతోషి జగదీశ్‌ను నీటి ఒడ్డుకు తీసుకుపోయి నిలదీసింది. ఇంట్లో తాగుడుందా, కోపమొస్తే చెయ్యి లేస్తదా అని ఒక్కటీ వదల్లేదు. అతను ఏ ప్రశ్నకూ మొహం చిట్లించలేదు. అన్నీ చెప్పి, చివరకు తను ఒక్కటే అడిగాడు.

"మీ అమ్మ మా ఇంట్ల ఉండనీకి ఒప్పుకుంటదా?"

"నా పరేషానంత గదే" అంది సంతోషి.

అంతసేపూ చెట్టు కింద పెద్దవాళ్ల మాటలు ఒడ్డు దాకా వినపడుతూనే ఉన్నాయి. శంషాబాద్‌లో విమానాల కింద బతికేవాళ్లకు మెల్లగా మాట్లాడడం ఎక్కడొస్తుంది? ఉన్నట్టుండి అవి ఆగిపోయాయి. పని చెడిందేమోననుకుంది సంతోషి. తిరిగి చూస్తే వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. గొంతులే తగ్గాయి. పడవ దగ్గర బీడీ కాలుస్తున్న ముత్తయ్య, లగ్గం మాటలు నడుస్తున్నాయిలే అన్నాడు.

పొద్దు వాలుతుండగా వెనక్కి బయలుదేరారు. ఈసారి శోభ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవ ఎక్కింది. సంతోషి పక్కన చేరి, ఏమంటావని చెవిలో అడిగింది.

"నాకైతే ఇష్టమే" అంది శోభ, నీళ్ల వైపు చూస్తూ. "మరి నీకు?"

సంతోషి మొహం వెలిగిపోయింది. జగదీశ్ దిక్కు తిరిగింది.

"ఇగ వీళ్లిద్దరి లగ్గం మనమే చేద్దాం, అన్నా."